చికిత్స ముగిసిన మఱునాడు

మత్తుమందు మరిగిన కుమారుడు చికిత్సాలయమునుండి ఇంటికి తిరిగివచ్చిన దినము ఆ ఇంటికి పండుగ దినము. తల్లి దిష్టి తీసి లోనికి గొనిపోవును. తండ్రి ఎన్నో మాసములకు కంటినిండ నిదురించును. ఇరుగుపొరుగువారు గండము గడచినదందురు. నిజమునకు గండము గడువలేదు. అది మిక్కిలి చేరువకు వచ్చినది ఆ దినములలోనే. మత్తుమందులకు లోబడినవారి మరణములను వైద్యులు దేశదేశములలో లెక్కించి చూచిరి. చికిత్సలో నున్నంతకాలము మరణములు తక్కువ. చికిత్స విడిచిన తొలివారములలో అవి మిక్కిలి హెచ్చు. ఎందుకిట్లగుచున్నదో, దీనికి ప్రతిక్రియ యేమో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

నేను చెప్పబోవునది ముఖ్యముగా నల్లమందు జాతికి చెందిన మత్తుమందులను గూర్చి. నల్లమందు, దానినుండి తీయు మార్ఫిన్, మార్ఫిన్ నుండి చేయు హెరాయిన్, కేవలము రసాయనములతో తయారగు ఫెంటనిల్—ఇవి యన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవి. ఇవి బాధను మఱపించును. మనస్సునకు హాయి గొల్పును. దానితోపాటు మెదడు అడుగుభాగమున శ్వాసను నడపు కేంద్రమును జోకొట్టును. మోతాదు మించినచో మనుష్యుడు నిదురలోనికి జాఱును. ఆ నిదురలోనే ఊపిరి మందగించి తుదకు నిలిచిపోవును. సారాయిగాని నిదురమాత్రలుగాని తోడైనచో అపాయము ఇనుమడించును.

ఈ మందులను దినదినము వాడు శరీరము క్రమముగా వానికి అలవాటుపడును. మొదట చిటికెడుతో కలిగిన మత్తు కొంతకాలమునకు అంతకు ఎన్నో రెట్లు తీసికొన్నగాని కలుగదు. క్రొత్తవానిని చంపగల మోతాదును పాతవాడు తట్టుకొని నిలువగలడు. కాని ఈ తట్టుకొను శక్తి శాశ్వతమైనది కాదు. వాడుక నిలిచిన కొలది దినములలోనే తఱుగనారంభించి, కొన్ని వారములలో చాలవరకు పోవును. తాలింఖానాలో నిత్యము బరువులెత్తు వస్తాదు మూడు నెలలు మంచముపట్టి లేచి, తొలినాడే పాత బరువు నెత్తబూనినచో ఏమగును? నడుము విఱుగును. మత్తుమందు మానినవాని స్థితియు అట్టిదే. శరీరము ఆ బరువును మఱచినది, మనస్సు మఱువలేదు. పాత స్నేహితులున్నారు, పాత వీథి యున్నది. ఒక దుఃఖమో, ఒక తగవో, ఏమియు తోచని ఒక సాయంకాలమో చాలును. అతడు తాను మానిననాటి మోతాదునే మఱల గైకొనును. నాడది వానికి మామూలు, నేడది ప్రాణాంతకము.

ఇది ఊహ కాదు. ఇంగ్లండున మత్తుమందు మాన్పించు చికిత్సకై ఆసుపత్రిలో చేరిన 137 మంది తరువాతి కథను ఆరాతీసి 2003లో ప్రకటించిరి. వారిలో మోతాదు మించి మరణించినవారు ముగ్గురు. ఆ మువ్వురును చికిత్సను చక్కగా పూర్తిచేసికొని, తట్టుకొను శక్తిని పోగొట్టుకొన్న 37 మందిలోనివారే. సంఖ్య చిన్నదే. కాని నాలుగేండ్ల పిమ్మట, 2007లో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునుండి పెద్ద లెక్క వచ్చినది. అచ్చట 1999 జులై మొదలు 2003 డిసెంబరు వఱకు చెఱసాలలనుండి విడుదలైన 30,237 మందిని పరిశీలించిరి. విడుదలైన తొలి రెండు వారములలో వారికి మరణాపాయము ఆ రాష్ట్రపు ఇతర ప్రజలకంటె 12.7 రెట్లు, మోతాదు మించుటవలన కలుగు మరణాపాయము 129 రెట్లు! చెఱసాల గోడలు వారిని మత్తుమందునుండి కొంత దూరముంచినవి. వారి కోరికను మాన్పలేదు. గోడ దాటిననాడు శరీరము బలహీనము, కోరిక బలవత్తరము.

అయినచో చికిత్స చేయుటయే పొరపాటా? కాదు. చికిత్స అను మాటకు మనము చెప్పుకొను అర్థమున పొరపాటున్నది. మందు మాన్పించి, వణకు, నొప్పులు, నిదురలేమి తగ్గువఱకు పది, పదునైదు దినములు కనిపెట్టియుండి ఇంటికి పంపుటను మనము చికిత్స యనుచున్నాము. అది చికిత్సకు ఉపోద్ఘాతము మాత్రమే. ఈ వ్యాధి మధుమేహము వలె, రక్తపుపోటు వలె దీర్ఘకాలము వెంటాడునది. మధుమేహరోగికి పదునైదు దినములు మందిచ్చి, ఇక నీకు నయమైనది పొమ్మని ఏ వైద్యుడును చెప్పడు.

1965లో న్యూయార్కు నగరమున విన్సెంట్ డోల్ అను వైద్యుడును, మేరీ నిస్వాండర్ అను మానసిక వైద్యురాలును మఱొక త్రోవ చూపిరి. హెరాయిన్ మరిగిన 22 మందికి మెథడోన్ అను మందును వైద్యుల పర్యవేక్షణలో ప్రతిదినము నోటిద్వారా ఇచ్చి, ఫలితములను ప్రకటించిరి. మెథడోన్ కూడ నల్లమందు కుటుంబమునకు చెందినదే. కాని అది నెమ్మదిగా పనిచేసి, ఒక దినమంతయు నిలుచును. సరియైన మోతాదులో రోగికి మత్తెక్కదు. మందు లేని బాధయు కలుగదు. అతడు పనికి పోవచ్చును, సంసారము చూచుకొనవచ్చును. తరువాత వచ్చిన బ్యూప్రెనార్ఫిన్ అను నాలుక క్రింది బిళ్లకు మఱొక సుగుణము కలదు: ఒక హద్దు దాటిన పిదప మోతాదు పెంచినను అది శ్వాసను అంతగా అణచదు. ఈ చికిత్సయందు శరీరముయొక్క తట్టుకొను శక్తి నిలిచియుండును గనుక, ఎన్నడైన కాలుజాఱినను మృత్యువు అంత సులభముగా చేజిక్కించుకొనజాలదు.

ఒక మత్తును తీసి మఱొక మత్తును పెట్టుటయే గదా యని పలువురు ఆక్షేపింతురు. దీనికి స్వీడనులోని స్టాక్‌హోం నగరము సమాధానమిచ్చినది. అచ్చట 40 మంది హెరాయిన్ రోగులను చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసిరి. ఇరువదిమందికి ఏడాది పొడుగున బ్యూప్రెనార్ఫిన్ నిచ్చిరి. తక్కిన ఇరువదిమందికి ఆఱు దినములలో మందును తగ్గించి, పిదప మందు లేని ఉత్తుత్తి బిళ్ల నిచ్చిరి. ఇరువురకును హితబోధ, సలహా సమానమే. ఏడాది గడచునప్పటికి మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 75 మంది చికిత్సలో నిలిచియుండిరి. రెండవ భాగమువారిలో ఒక్కరును మిగులలేదు. మొదటివారిలో మరణించినవారు లేరు. రెండవ ఇరువదిమందిలో నలుగురు చనిపోయిరి. 2003లో ఈ ఫలితములు వెలువడినవి. ఆ నాలుగు ప్రాణముల ముందు ఆక్షేపణ ఎంతవఱకు నిలుచునో శ్రోతలే నిర్ణయింతురుగాక.

2017లో పలుదేశముల లెక్కలను ఒక్కచోట చేర్చి చూచిరి. అందు 1,22,885 మంది మెథడోన్ రోగులు. 15,831 మంది బ్యూప్రెనార్ఫిన్ రోగులు. వేయిమందిని ఒక ఏడాది కనిపెట్టినచో, మెథడోన్ చికిత్సలో నున్నపుడు సుమారు 11 మంది మరణించిరి. చికిత్సవెలుపల 36 మంది. బ్యూప్రెనార్ఫిన్ విషయమున లోపల నలుగురు, వెలుపల తొమ్మిది, పదిమంది. చికిత్స విడిచిపోవువారు నిలుచువారికంటె స్వభావముచేతనే ఎక్కువ ఆపదలోనుందురు గనుక ఈ భేదమంతయు మందు మహిమయే యనరాదు. మెథడోన్ ఆరంభించిన తొలి నాలుగు వారములు సయితము ప్రమాదకరములే. ఆ మందు శరీరమున పేరుకొనును. కావున తొలిమోతాదు తక్కువగా నుండవలెను, వైద్యుని కన్ను దగ్గఱగా నుండవలెను.

కాని తమంత తాము విడువక, ఇతరులచే విడిపింపబడినవారి గతియేమి? 2014లో క్రిమియాను రష్యా తనలో కలుపుకొన్నది. రష్యా చట్టము ఈ చికిత్సను నిషేధించును. అంతవఱకు ఉక్రెయిన్ ఏర్పాటుచేసిన కేంద్రములలో మందు పుచ్చుకొనుచున్న సుమారు 800 మందికి కొలది వారములలో అది నిలిచిపోయినది. వారిలో 80 నుండి 100 మంది మరణించిరని, మోతాదు మించుటయు ఆత్మహత్యయు అందు ముఖ్యకారణములని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మిషెల్ కజాచ్‌కిన్ 2015లో అంచనా చెప్పెను. రష్యా అధికారులు దానిని అంగీకరింపలేదు.

ఇక మన దేశము. 2019లో ప్రకటితమైన జాతీయ సర్వే ప్రకారము నల్లమందు జాతి మత్తుమందులు వాడువారు సుమారు 2 కోట్ల 26 లక్షలు. వారిలో సాయము అవసరమైనవారు సుమారు 77 లక్షలు. బ్యూప్రెనార్ఫిన్ చికిత్స 1990ల తొలినాళ్లలోనే స్వచ్ఛంద సంస్థల మూలమున ఇచ్చట ఆరంభమైనది. సూదుల ద్వారా హెచ్.ఐ.వి. వ్యాపింపకుండుటకై జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తరువాత దానిని చేపట్టినది. 2012లో మెథడోన్ కూడ వచ్చినది. అయినను మందు మాన్పుటయే సర్వస్వమను భావము మనలో నింకను బలముగా నున్నది. రోగిని గదిలో బంధించి, కొట్టి, భయపెట్టి మాన్పింతుమను ప్రైవేటు గృహములును లేకపోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మత్తుమందు వ్యాధిగ్రస్తులకును వర్తించును; వారిని సంకెళ్లతో బంధించుట నేరము.

తెలుగునాట మఱొక అనుభవము కలదు. తెలంగాణమున కల్తీకల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి నిదురమందులు కలుపుట చిరకాలముగా నున్న దుర్మార్గము. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు, మద్యము ఒక్కసారిగా నిలిచిపోగా, వణకుతో, మూర్ఛలతో, భ్రాంతులతో హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు వచ్చినవారి సంఖ్య హఠాత్తుగా పెరిగినది. ఇచ్చట అపాయము తీరు వేఱు. మద్యము, నిదురమందుల విషయమున ఆకస్మికముగా మానుటయే ప్రాణము తీయవచ్చును. నల్లమందు జాతి విషయమున మానిన పిదప మఱల మొదలిడుట ప్రాణము తీయును. రెండింటను తేలు నీతి ఒక్కటే: మాన్పుట ఒక్క గంతులో ముగియు పని కాదు.

కావున చేయవలసినదేమి? చికిత్సాలయమునుండి పంపునాడే, తిరిగి రావలసిన దినమును, తట్టుకొను శక్తి పోయినదన్న హెచ్చరికను రోగికిని ఇంటివారికిని చెప్పి పంపవలెను. చెఱసాలలో చికిత్స మొదలుపెట్టి, విడుదల తరువాతను కొనసాగింపవలెను. చెఱసాలలో ఈ మందు పుచ్చుకొని వెలువడినవారిలో తొలినెల మరణములు నూటికి 75 వంతులు తక్కువగా నుండెనని 2017లో ఇంగ్లండు లెక్క తేల్చినది. ఒకసారి తప్పటడుగు వేసినాడని రోగిని కేంద్రమునుండి వెడలగొట్టుట తగదు. అది మునుగుచున్నవాడు నీరు మ్రింగెనని త్రాడు వదలుట వంటిది.

ఇంటివారు ఎఱిగియుండవలసిన గుఱుతులు కొన్ని కలవు. ఎంత పిలిచినను లేవకుండుట, గొంతులో గుఱకవంటి ధ్వని, పెదవులు నీలమగుట, కనుపాపలు సూదిమొనవలె చిన్నవగుట, ఊపిరి మందగించుట—ఇవి కనిపించినపుడు నిదురపోనిండని విడువరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊపిరాడకున్నచో నోటిద్వారా ఊపిరి యందింపవలెను. ఊపిరాడుచున్నచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. ఏ మందు తీసికొన్నాడో దాచక చెప్పవలెను. నాలోక్సోన్ అను విఱుగుడు సకాలమున పడినచో నిలువబోవు ఊపిరి మఱల నడచును.

అన్నిటికంటె ముఖ్యమైనది సిగ్గును జయించుట. మఱల తప్పు చేసితినని ఇంట చెప్పుకొనజాలని కుమారుడు తలుపు గడియ వైచికొని, ఒంటరిగా మందు తీసికొనును. ఒంటరిగా నున్నవానికి ఊపిరి నిలిచినచో చూచువారుండరు. అందుచేత చికిత్స ముగించి వచ్చినవానితో తల్లిదండ్రులు ఒక్కమాట ముందే చెప్పియుంచుట మేలు: "నీవు మఱల జాఱినను మాతో చెప్పుము; మఱునాడే నిన్ను వైద్యునికడకు మేమే తీసికొనిపోయెదము." ఆ మాట విన్నవాడు గడియ వేసికొనకపోవచ్చును.