నక్షత్రాల లెక్కలో మన హైదరాబాదు వాటా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్వవిద్యాలయాల మధ్య అంతర్జాతీయ సహకారం" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. అంశం పేరు వినగానే, "ఇది ఢిల్లీలో కూర్చునే వైస్‌ఛాన్సలర్ల సంగతి, మనకెందుకు?" అనిపించడం సహజం. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆలోచించి చూస్తే ఇది మన ఇళ్ళలోని పిల్లల సంగతేనని తేలింది.

ఇల్మ్ గురించి మన ధర్మం ఏం చెప్పిందో మౌలానా సాహెబ్ ఇందాకే చక్కగా వివరించారు. నేను చరిత్రలోంచి ఒక్క సంగతి కలుపుతాను. బాగ్దాదు గొప్పతనం గురించి మనం చాలా చెప్పుకుంటాం. 9వ శతాబ్దంలో అక్కడ గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. గణితంలో దిట్ట అయిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా హర్రాన్ నుంచి వచ్చిన సాబియన్. తర్వాత 12వ శతాబ్దంలో ఇటలీ నుంచి గెరార్డ్ అనే పండితుడు స్పెయిన్‌లోని టొలేడోకు వచ్చాడు. అక్కడ అరబ్బీ నేర్చుకుని, ఇబ్న్ సీనా వైద్య గ్రంథంతో సహా డెబ్బైకి పైగా గ్రంథాలను లాటిన్‌లోకి మార్చాడు. కావున విద్య ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఇచ్చి పుచ్చుకున్న వాళ్ళే పైకి వచ్చారు.

అంత దూరం కూడా వెళ్ళనక్కర లేదు. మన హైదరాబాదుకే రండి.

1887లో పారిస్‌లో యాభై మందికి పైగా ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై ఒక పెద్ద నిర్ణయం చేశారు. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచి, పట్టికలు తయారు చేయాలని. ఇది ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు. అందుకని పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్నట్టు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా విభజించి, ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ అప్పగించారు.

ఇక్కడ హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయనకు ఆకాశం మీద మోజు. ఇంగ్లండు నుంచి దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పారు. అదే నిజామియా వేధశాల. 1907లో ఆయన కన్నుమూశారు. తర్వాత దాన్ని నిజాం ప్రభుత్వం స్వీకరించి బేగంపేటకు తరలించింది. అంతర్జాతీయ పటంలో దక్షిణాకాశంలోని ఒక పట్టీ, మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, మొదట చిలీ దేశంలోని శాంటియాగోకు కేటాయించినది. అక్కడ ఆ పని సాగలేదు. దాన్ని మన హైదరాబాదు తలకెత్తుకుంది.

ఈ పనిలో పారిస్ ఉంది, గ్రీనిచ్ ఉంది, ఆక్స్‌ఫర్డ్ ఉంది. రోములో పోప్ గారి వాటికన్ వేధశాల కూడా ఉంది. అక్కడ ఫోటో పలకల మీద చుక్కలు కొలిచింది క్రైస్తవ సన్యాసినులు. అటు పోప్ గారి వేధశాల, ఇటు నిజాం గారి వేధశాల, రెండూ ఒకే ఆకాశాన్ని ఒకే పద్ధతిలో కొలిచాయి. ఎవరి నమాజు వారిది, ఎవరి ప్రార్థన వారిది. కొలబద్ద మాత్రం అందరిదీ ఒకటే.

1918 తర్వాత ఈ పనికి టి.పి. భాస్కరన్ సారథ్యం వహించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. రాత్రి ఫోటో తీయడం, పగలు ఒక్కో చుక్కనూ సూక్ష్మదర్శినితో చూసి అంకెలు వేయడం. ఇలా ఏళ్ళ తరబడి సాగింది. ఆ గుమాస్తాల పేర్లు మనకెవరికీ తెలియవు. కాని వారి అంకెలు వృథా పోలేదు. 1989లో ఐరోపా దేశాలు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది కొలిచిన స్థానాలను పాత పట్టికలతో పోల్చి, ఇన్నేళ్ళలో ఏ నక్షత్రం ఎంత జరిగిందో లెక్క కట్టారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాలు ఉన్నాయి. పాత కొలతలు లేకపోతే ఆ కదలిక తెలిసేది కాదు. బేగంపేటలో కూర్చుని మనవాళ్ళు వేసిన అంకెలు కూడా ఆ పాత కొలతల్లో ఉన్నాయి.

దీనినుంచి నేను నేర్చుకున్నది ఇది. సహకారం అంటే చెయ్యి చాచడం కాదు, మన వాటా పని మనం తీసుకోవడం.

రెండో ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. కేంబ్రిడ్జిలో గొప్పగా చదివిన అబ్దుస్ సలాం 1951లో లాహోరుకు తిరిగి వచ్చారు. అక్కడ తన శాస్త్రం గురించి మాట్లాడేందుకు మనిషి లేడు, కొత్త పత్రికలు లేవు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సంగతి చూసుకోమన్నారని ఆయనే చెప్పుకున్నారు. దేశమా, శాస్త్రమా అని తేల్చుకోవలసి వచ్చి, 1954లో మళ్ళీ కేంబ్రిడ్జి వెళ్ళిపోయారు. ఆ బాధ ఆయనను వదల్లేదు. 1964లో ఇటలీ ప్రభుత్వం, అంతర్జాతీయ అణుశక్తి సంస్థల తోడ్పాటుతో ట్రియెస్టె నగరంలో ఒక కేంద్రం స్థాపించారు. పేద దేశాల అధ్యాపకుడు తన ఉద్యోగం వదలకుండా, కొన్ని వారాలో నెలలో అక్కడ పరిశోధన చేసుకుని, తిరిగి తన పిల్లలకు పాఠం చెప్పుకోవచ్చు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నా మటుకు నాకు బహుమతి కన్నా ఆ కేంద్రమే గొప్పదనిపిస్తుంది. పోయేదారితో పాటు వచ్చేదారి కూడా వేశారాయన.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో మా డిపార్ట్‌మెంటుకు ఒక విదేశీ స్కాలర్‌షిప్ ప్రకటన వచ్చింది. చదివి, "మన పిల్లలకెక్కడ వస్తుందిలే" అనుకుని సొరుగులో పెట్టేశాను. సైకిలు షాపు నడిపే సాయిబు గారి అబ్బాయి ఒకడు నా క్లాసులో ఫస్టు. గడువు దాటాక నెలకు గాని నాకు వాడు గుర్తు రాలేదు. సంగతి చెబితే వాడు నవ్వి, "పోనీండి సార్" అన్నాడు. ఆ ఏడాదే వీసా ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి గల్ఫుకు వెళ్ళాడు. అది కూడా కష్టార్జితమే, నేను తక్కువ చేయను. కాని ఆ సొరుగు తెరిచినప్పుడల్లా "పోనీండి సార్" అన్న మాట వినిపించేది.

ఈనాడు అవకాశాలు ఆనాటి కన్నా ఎక్కువ. కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు 1959 నుంచీ ఉన్నాయి. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండుస్ కింద కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే ఎమ్మే, ఎమ్మెస్సీ నడుపుతాయి. విద్యార్థి కనీసం రెండు దేశాల్లో చదవాలి. ఎంపికైన వారికి ఫీజుతో పాటు ఖర్చులూ ఇస్తారు. 2015లో కేంద్రం ప్రారంభించిన జ్ఞాన్ పథకం కింద విదేశీ ఆచార్యులు మన దేశానికే వచ్చి పాఠాలు చెప్పారు. 2022లో యు.జి.సి. నిబంధనలు చేసింది. వాటి ప్రకారం మన విశ్వవిద్యాలయం, విదేశీ విశ్వవిద్యాలయం కలిసి ఉమ్మడి డిగ్రీ ఇవ్వవచ్చు. ఒక్కో చోట కనీసం 30 శాతం క్రెడిట్లు చదవాలి.

మూసుకున్న తలుపులూ ఉన్నాయి. మైనారిటీ పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. విదేశీ చదువు అప్పు మీద వడ్డీ భరించే పఢో పరదేశ్ కూడా 2022-23లో ఆగిపోయింది. దీనిపై మనం అర్జీలు పెట్టాలి, పెడదాం. అర్జీకి జవాబు వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు కదా!

అందుచేత మూడు మనవులు. ఒకటి, మన సంఘం గదిలో ప్రతి ఆదివారం రెండు గంటలు ఈ పనికే కేటాయించాలి. ఏ స్కాలర్‌షిప్పు, ఏ గడువు అన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి బోర్డు మీద పెట్టాలి. జుమా తర్వాత మస్జిదు దగ్గర చదివి వినిపించాలి. నాలాంటి రిటైరైన వాళ్ళం దరఖాస్తులు దిద్దిపెడతాం. రెండు, విద్యా నిధిలోంచి పాస్‌పోర్టుకు, ఇంగ్లీషు పరీక్ష ఫీజుకు సాయం చేయాలి. పెళ్ళిళ్ళకు మనం ఇచ్చే దానిలో ఇది ఎన్నో వంతు? చాలామంది ఆగిపోయేది ఈ చిన్న మెట్టు దగ్గరే. సీటు గ్యారంటీ అంటూ వేలు గుంజే మధ్యవర్తుల దగ్గరికి ఎవరూ పోకండి. విశ్వవిద్యాలయానికి మీరే నేరుగా రాయండి.

మూడోది తల్లులకు. "ఆడపిల్లను అంత దూరం ఎలా పంపేది మాస్టారూ?" అని మీలో ఒక అమ్మ నిరుడు నన్ను అడిగింది. ఆ భయం నాకు అర్థమవుతుంది, నాకూ కూతుళ్ళున్నారు. ఒక్కసారిగా పంపమని అనను. ముందు ఇక్కడి యూనివర్సిటీకి పంపండి. అక్కడికి వచ్చే విదేశీ ఆచార్యుల పాఠం విననివ్వండి. తర్వాత ఆ అమ్మాయే ఏమంటుందో అడగండి. జవాబు మాత్రం తన నోటితోనే రానివ్వండి.

చివరగా విద్యార్థులకు. వెళ్ళండి, నేర్చుకోండి. తిరిగి రాలేకపోయినా దారి మూయకండి. అక్కడి నుంచి మన ఊరి పిల్లలిద్దరికి ఉత్తరం రాసి దారి చెప్పినా చాలు. బేగంపేట గుమాస్తాలు తాము చూడని రోజు కోసం చుక్కలు లెక్కపెట్టారు. మనమూ మన వాటా లెక్క రాసి పెడదాం.

సొరుగులో ఉన్న కాగితాన్ని బోర్డు మీదకు తెద్దాం. అల్లాహ్ మన ప్రయత్నానికి బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తున్నాను. ఖుదా హాఫిజ్.