సింహాసనం కారు – మన కాగితాలు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిజాంగారి కారు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన మహదేవపూర్ ఆనాడు తాలూకా. ఆ రాజ్యానికి శిస్తు కట్టినవారిలో మన తాతలూ ఉన్నారు. కాబట్టి ఆ కారు సంగతి మనకు పరాయిది కాదు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. సిల్వర్ ఘోస్ట్ రకం. గుమ్మటం వంటి పైకప్పు, వెనుక సింహాసనంలాంటి ఎత్తయిన ఆసనం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దీనికి ఆర్డరిచ్చారు. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. కారు తయారై వచ్చేనాటికి గద్దె మీద కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ ఉన్నారు. చేయించుకున్నవారు ఎక్కనే లేదు!

ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజను, చక్రాలతో కూడిన చట్రం మాత్రమే అమ్మేది. పైభాగం వేరే కార్ఖానాలో కట్టించుకోవాలి. మన ఎడ్లబండికి ఇనుప పట్టా కమ్మరి వేస్తే, మిగతా బండి వడ్రంగి కట్టినట్టే. ఈ కారుకు పైభాగం కట్టింది లండనులోని బార్కర్ కంపెనీ. 1710 నుంచి గుర్రపు బగ్గీలు కట్టిన ఇల్లు అది. బాగా ఆరిన కలపతో చట్రం చేసి, దానిమీద చేత్తో కొట్టిన రేకు బిగించి, పూతమీద పూత వేసి నున్నగా రుద్దేవారు. 1906 నుంచి 1926 దాకా తయారైన సిల్వర్ ఘోస్టులు ఎనిమిది వేల లోపే. వాటిలోనూ కొన్నవారి కోరికను బట్టి దేని రూపం దానిది.

గుమాస్తాగా నన్ను ఆకట్టుకున్న సంగతి మరొకటి. రోల్స్ రాయిస్ వారు ప్రతి చట్రానికీ ఒక నంబరు వేసి, ఎవరు ఆర్డరిచ్చారో, పైభాగం ఎవరు కట్టారో కార్డు మీద రాసిపెట్టేవారు. వందేళ్లు దాటినా ఆ కార్డులు ఇంగ్లాండులో భద్రంగా ఉన్నాయి. పాత కారు అసలుదా, తర్వాత ఎవరో మార్చిందా అనేది ఆ నంబరుతోనే తేలుతుంది. కాగితం లేకపోతే ఎంత బంగారు పూత ఉన్నా అనుమానమే.

మన సంగతీ అంతే. మన చట్రం నంబరు పి.పి.ఓ. నంబరు. మనం ఉద్యోగం చేసిన రోజుల్లో మన ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్తవాటిలో మరొకటి. భార్య పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. మనం ఉన్నప్పుడు ఇది చిన్న పని. మనం పోయాక ఆ ఇల్లాలికి నెలల తరబడి తిరుగుడు.

కనుక పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు నకలు, బ్యాంకు పుస్తకం, జాయింటు ఫోటో ఒకే సంచిలో పెట్టండి. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. పేరులో తేడా ఉంటే ఈ నెలలోనే సరిచేయించండి. రాయడానికి కళ్లు ఆనకపోతే దరఖాస్తు నేను రాసిపెడతాను.

రాజుగారి కారును కాపాడడానికి ప్యాలెస్ ఉంది. మన కాగితాలను మనమే కాపాడుకోవాలి. సెలవు.