మంద నడిచే దారికి హక్కు
(భీమడోలు మహిళా సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



అడవి గురించి మాట్లాడతాననగానే భీమడోలులో అడవెక్కడుందని కొందరు నవ్వారు. మనకు దక్షిణాన ఉన్న కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం అభయారణ్యం కూడా అటవీ భూమే. కొల్లేట్లో నీరు తీసినచోట గేదెల్ని మేపుకునే స్త్రీ అయినా, నల్లమలలో ఆవుల్ని తోలుకుపోయే లంబాడీ స్త్రీ అయినా హక్కు అడగవలసింది ఒకే సెక్షను కింద, 3(1)(డి). చేపలు, మేత, సంచార పశుపోషకుల రుతువారీ వాడకం అందులోనే ఉన్నాయి.

పశువులు అడవిని తినేస్తాయన్న మాట విని విని మనమూ నమ్మేశాం. అమ్రాబాద్ ప్రాంతపు లంబాడీలు పెంచే పొడతూర్పు పశువుల్ని చూడండి. ఎండలు ముదిరితే మందను అడవి లోపలికి, నీళ్ళున్న చోటికి తోలుకుపోతారు. మంద కదిలిపోయిన నేల మీద గడ్డి మళ్ళీ లేస్తుంది, పేడ మిగులుతుంది. మేకలు తిన్న తుమ్మకాయల గింజలు పెంటికలతో పడి మొలుస్తాయి. మన వైపు కోతలయ్యాక రైతే పిలిచి చేలో గొర్రెల మంద కట్టించుకుంటాడు, ఎరువు విలువ తెలుసు గనుక. అదే మంద అడవిలో అడుగుపెడితే నేరం! ఒకేచోట ఎక్కువ పశువులు నిలిస్తే నేల పాడవుతుంది, కాదనను. దారులన్నీ మూసి వాటిని అలా నిలబెట్టిందెవరు?

మంద వెంట మగవాడు కన్పిస్తాడు. ఈనిన గొర్రెనీ, తల్లి పాలివ్వని పిల్లనీ, జబ్బు పశువునీ చూసుకునే ఆడమనిషి కన్పించదు. వ్యక్తిగత హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టం చెబుతోంది. సామూహిక అర్జీలో మాత్రం ఎవరి పేర్లెక్కుతాయో రాసేవాళ్ళని బట్టే ఉంటుంది. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలన్న నిబంధనను అక్కడే వాడుకోవాలి.

గిరిజనులు కానివారికి ఇంకో పెద్ద చిక్కుంది. 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అక్కడే ఉంటూ అడవి మీద ఆధారపడ్డామని చూపాలి. తిరుగుతూ బతికేవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నట్టు? అందుకే సంచార పశుపోషకుల అర్జీని వాళ్ళు ఆ చోట ఉన్న సమయంలోనే పరిశీలించాలని నిబంధనల్లో పెట్టారు. అర్జీదారులు కాని పెద్దల వాంగ్మూలం రాసుకుంటే అదీ సాక్ష్యమే. ఏ నెలలో ఏ చెరువు దగ్గర మంద దిగేదో, ఏ కరువులో ఎటు మళ్ళిందో ముసలమ్మలకి జ్ఞాపకం ఉంటుంది. ఈసారి మందలు మన చేలల్లో దిగినప్పుడు, అవి కదిలిపోకముందే, కాగితం కలం పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్దాం.