ఒకే ఆట – రెండు యంత్రాలు

హాలులో పెద్ద రేడియో ఉన్నది. పెరటి అరుగుమీద చిన్న ట్రాన్సిస్టరు ఉన్నది. రెండింటిలోనూ వినిపించే కచేరీ ఒక్కటే. పెద్దదానికి ఒక గాయకుడు, చిన్నదానికి మరొక గాయకుడు కావలెనని ఎవరూ అనరు. రేడియో ఉన్న ఇంటివారికి ఇందులో వింతేమీ తోచదు. కాని వీడియో ఆటల లోకంలో ఈపాటి సౌకర్యం అమరడానికి చాలా కాలం పట్టినది.

నింటెండో సంస్థ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. జపానులోని క్యోటో నగరంలో 1889లో పేకముక్కల తయారీతో ఆరంభమైన సంస్థ అది. టెలివిజనుకు తగిలించి ఆడే ఫామికామ్‌ను 1983లోను, చేత పట్టుకొని ఆడే గేమ్ బాయ్‌ను 1989లోను విడుదల చేసినది. తయారుచేసినవారు ఒక్కరే అయినా, ఒకదాని ఆట రెండవదానిలో నడవదు. ఆటను నింపిన కార్ట్రిడ్జి ఆకారం వేరు, లోపలి ప్రాసెసరు వేరు, తెర వేరు. గేమ్ బాయ్ తెరమీద వెడల్పున 160, ఎత్తున 144 చుక్కలు మాత్రమే. రంగులు లేవు, నాలుగు ఛాయలే.

1994లో సూపర్ గేమ్ బాయ్ అనే సాధనం వచ్చినది. దానిని ఇంటి యంత్రంలో అమర్చితే చేతి ఆట టెలివిజనులో కనిపించేది. ఇంటి యంత్రం కొత్త విద్య నేర్చినదని భ్రమపడరాదు. ఆ సాధనం లోపల గేమ్ బాయ్ ప్రాసెసరే కూర్చుని ఉన్నది. 2003లో వచ్చిన గేమ్ బాయ్ ప్లేయర్ పద్ధతీ అదే. చేతి ఆట ఇంటికి వచ్చినది గాని, ఇంటి ఆట చేతికి రాలేదు.

తరువాత ఆటలను ఇంటర్నెట్ ద్వారా అమ్మే కాలం వచ్చినది. కార్ట్రిడ్జి ఆకారమనే అడ్డు తొలగినది. అయినా 2011 నాటి త్రీడీఎస్‌లోను, 2012 నాటి వీ యూలోను ఒకే పాత మారియో ఆటను ఆడదలచినవారు రెండుమార్లు సొమ్ము చెల్లించవలసి వచ్చినది. ఈసారి అడ్డుపడినది యంత్రం కాదు, లెక్కల పుస్తకం. పోటీదారైన సోనీ సంస్థ 2012లోనే కొన్ని ఆటలను ఒక్క ధరకే ప్లేస్టేషన్ 3కు, చేతి యంత్రమైన వీటాకు కలిపి ఇవ్వసాగినది.

నింటెండో 2013లో తన రెండు యంత్ర నిర్మాణ శాఖలను ఒకటిగా చేసినది. ఇకముందు తమ యంత్రాలు ఒకే కుటుంబంలోని అన్నదమ్ములవలె ఉండాలని నాటి అధ్యక్షులు సతోరు ఇవాతా 2014లో మదుపుదారులకు వివరించారు. 2015లో ఆయన కన్నుమూశారు. 2017 మార్చి 3న స్విచ్ వెలువడినది. చేతిలో ఉన్నంతసేపు అది చేతి యంత్రం. పీఠంలో ఉంచితే అదే ఇంటి యంత్రం. పీఠం విద్యుత్తును అందించి, బొమ్మను టెలివిజనుకు పంపుతుంది. ప్రాసెసరు వేగం పుంజుకొంటుంది. రెండు అలమారలను కలపడం దుస్సాధ్యమైనప్పుడు రెండవ అలమారనే తీసివేశారన్నమాట! వీ యూ యంత్రాలు సుమారు 1 కోటి 36 లక్షలు అమ్ముడుపోగా, స్విచ్ యంత్రాలు 15 కోట్లు దాటినవి. ఈ విజయానికి కారణం ఇదొక్కటే అనలేము గాని, ముఖ్యమైన కారణాలలో ఇదొకటి.

అయితే గృహస్థు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. 2023 మార్చి 27న త్రీడీఎస్, వీ యూల ఇంటర్నెట్ దుకాణాలలో అమ్మకాలు నిలిచిపోయినవి. అక్కడ కొన్న ఆటలు స్విచ్‌లోనికి రాలేదు. అలమార మారినప్పుడు పాత సామాను గుమ్మంవద్దనే ఆగిపోయినది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో మాత్రం పాత స్విచ్ ఆటలలో అధిక భాగం నడుస్తున్నవి. ఇంటర్నెట్‌లో కొన్న ఆటను కుటుంబంలోని మరొకరి యంత్రానికి రెండు వారాలపాటు ఎరువిచ్చే ఏర్పాటు కూడా ఆ సంవత్సరమే వచ్చినది.

పొరుగింటికి పుస్తకం ఎరువివ్వడం మనకు కొత్త కాదు; అందుకు గడువు పెట్టేవాడు పుస్తకాల షాపు యజమాని కాదు, మనమే. పిల్లలు ఆట కావాలని అడిగినప్పుడు, దాని వెలతోపాటు మూడు సంగతులు విచారించుట మంచిది: అది ఇంట్లోని ఏయే యంత్రాలలో నడుస్తుంది? అన్నకు కొన్నది చెల్లెలికి పనికివస్తుందా? రేపు యంత్రం మారితే వెంట వస్తుందా? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాతనే పర్సు తెరవవచ్చును.