సెల్‌ఫోన్‌లో వచ్చే కబురు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు అప్పజెప్పిన విషయం సోషల్ మీడియా. ఇచ్చిన టైము పావుగంట. కనుక దాని లాభనష్టాల చిట్టా చదవబోను. మన ఇళ్ళలో కనబడేదీ, మన బస్తీకి దగ్గర్లో జరిగినదీ మాత్రం మనవి చేస్తాను.

గల్ఫ్‌తో సంబంధం లేని కుటుంబాలు మనలో తక్కువే. ఒకప్పుడు జిద్దా నుంచి ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. చదువురాని తల్లుల కోసం కొడుకులు టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్టు ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అమ్మ ఎన్నిసార్లు వేసుకుని విన్నా అవే మాటలు, బదులు చెప్పే వీలు లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకైంది. 2017లో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు సడలించింది. ఇవాళ రియాద్‌లో డ్యూటీ దిగిన కొడుకు, అమ్మ ఇఫ్తార్‌కు ఏం వండిందో కళ్ళారా చూస్తున్నాడు. దీన్ని చెడ్డదనడానికి నాకు నోరు రాదు.

కానీ అదే ఫోన్లో ఇంకొకటి కూడా వచ్చింది. 2018 మే నెల, రంజాన్ రోజులు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ అంతటా వాట్సప్‌లో పుకారు లేచింది. ఆ కాలంలో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూస్తే ఏ తల్లికైనా గుండె ఆగుతుంది. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించేశారు!

మే 26 రాత్రి చాంద్రాయణగుట్టలో హిజ్రాల మీద జనం విరుచుకుపడ్డారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అనుమానం. ఒకరు ప్రాణం విడిచారు. రంజాన్‌లో దానం చేసే చేతులుంటాయని నమ్మి వచ్చినవాళ్ళు వాళ్ళు. గౌలిపుర నుంచి చాంద్రాయణగుట్టకు ఆటో ఎక్కితే ఎంతసేపు? ఇది ఎక్కడో జరిగిన కథ కాదు, మన పాతబస్తీలో జరిగింది.

అదే వేసవిలో జోగుళాంబ గద్వాల జిల్లాలోనూ ఆ పుకారే నడిచింది. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని గ్రామాల్లో తిరిగే కానిస్టేబుళ్ళు గమనించి పైకి చెప్పారు. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఆ చిన్న మాటను తేలిగ్గా తీసుకోలేదు. పోలీసులను ఇంటింటికీ పంపారు, జానపద కళాకారుల చేత డప్పు వేయించి పాటలు కట్టించి అది అబద్ధమని చెప్పించారు. అక్కడ ప్రాణనష్టం జరగలేదు. ఫోన్లో పుట్టిన పుకారును డప్పు ఆపింది చూడండి.

ఆ ఏడాది జులైలో వాట్సప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, పదేపదే చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలం. మంచిదే. అయితే ఒక్కో గ్రూపులో వందల మంది ఉంటే ఆ లెక్క ఎంతవరకు ఆగుతుంది?

2020లో ఆ పుకారు మన వైపే తిరిగింది. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో తబ్లీగీ జమాత్ పేరు పెట్టి, ముస్లిం పండ్ల వ్యాపారులు ఉమ్మేసి అమ్ముతున్నారని ఎప్పటివో వీడియోలు తిప్పారు. తోపుడు బండి మీద బతికేవాళ్ళను కొన్ని ఊళ్ళలో వీధిలోకి రానీయలేదు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ జమాత్ సభ్యుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వారిని బలిపశువులను చేశారన్నది. కోర్టు మాట ఎంతమంది ఫోన్లకు చేరింది? వీడియో చేరినంతలో పదో వంతు కూడా చేరి ఉండదని నా అనుమానం. అప్పుడు మనం అడిగింది ఒకటే కదా, విచారించి మాట్లాడండి అని. హిజ్రాల విషయంలో ఆ విచారణ ఎవరు చేశారు? వార్త వస్తే నిజానిజాలు తేల్చుకోమని సూరా హుజురాత్ ఆరో ఆయత్‌లో మనకు ఆదేశం ఉండనే ఉంది.

ఆడపిల్లల సంగతి కూడా ఒక మాట. 2021లో, మళ్ళీ 2022 జనవరిలో, ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి వేలం పేరుతో యాప్‌లలో పెట్టారు. అది చూపి కొందరు తండ్రులు కూతుళ్ళ ఫోన్లు లాక్కున్నారు. నేరం చేసినవాడు ఒకడు, శిక్ష పిల్లకా? ఇలాంటివి జరిగితే 1930కి ఫోన్ చేయవచ్చని పిల్లలకు చెప్పండి. డబ్బు మోసాలకైతే ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

చివరగా కార్యవర్గానికి నా ప్రతిపాదన. మన సంఘం గ్రూపులో వచ్చే భయం పుట్టించే వార్తను ముందుగా పరిశీలించడానికి ముగ్గురిని నియమించండి. అందులో ఒకరు కాలేజీ చదువుతున్న అమ్మాయి అయితే బాగుంటుంది. అబద్ధమని తేలితే గ్రూపులో రాసి ఊరుకోవద్దు. ఫోన్ చూడని ముసలివాళ్ళున్న ఇళ్ళకు పోయి నోటితో చెప్పి రావాలి. వచ్చే నెల మీటింగులో దీన్ని అజెండాలో పెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.