పాత స్టిక్కర్ కటింగ్ మెషీన్, కొత్త ల్యాప్‌టాప్: రెండింటికీ మాట ఎలా కలిపాను

ముందుగా ఒక సౌండ్ వినండి.

[మెషీన్ చప్పుడు]

విన్నారా? ఇది మా నాన్న రేడియం కటింగ్ మెషీన్. ఎనిమిది నెలలు మూలన పడి ఉండి, పోయిన నెల మళ్లీ తిరిగింది. ఇంకో రెండు రోజులు ఆలస్యం అయ్యుంటే పాత ఇనుము కొట్టుకి వెళ్లిపోయేది. అది ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా నడిచింది, ఈ ఎపిసోడ్‌లో మొత్తం చెప్తాను. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన షాపులోనో ఇలాంటి మెషీన్ ఉంటే చివరిదాకా చూడండి, పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. దీన్ని కటింగ్ ప్లాటర్ అంటారు. చూడ్డానికి ప్రింటర్ లాగే ఉంటుంది కానీ ఇంకు ఉండదు. పెన్ను ఉండాల్సిన చోట చిన్న బ్లేడు ఉంటుంది. స్టిక్కర్ రోలు ముందుకీ వెనక్కీ కదులుతుంది, బ్లేడు కుడికీ ఎడమకీ కదులుతుంది. ఈ రెండూ కలిసి అక్షరం ఆకారం కోస్తాయి. ఆటో వెనకాల పేర్లు, బస్సు అద్దాల మీద దేవుడి బొమ్మలు, పెళ్లి కారు మీద జంట పేర్లు, మీ ఫోన్ వెనకాల అంటించే స్కిన్, ఇవన్నీ ఇలాంటి మెషీన్ మీదే కట్ అవుతాయి. మన దగ్గర దీన్ని రేడియం షాపు అంటాం కదా, నిజానికి అందులో రేడియం ఏమీ ఉండదు. లైటు పడితే మెరిసే షీటుకి మనవాళ్లు పెట్టుకున్న పేరు అది.

మాది తెనాలి. నాన్న ఈ మెషీన్ 2008లో కొన్నారు. అప్పట్లో నంబర్ ప్లేట్ల పనే ఎక్కువ. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి కాబట్టి ఆ పని బాగా తగ్గిపోయింది. అయినా ఆటోలు, స్కూలు వ్యాన్లు, షాపు అద్దాలతో ఎలాగో లాక్కొచ్చారు. పోయిన వానాకాలం కంప్యూటర్ మదర్‌బోర్డ్ పోయింది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పాత కోరల్ డ్రా ఉండేవి. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014లోనే ఆపేసింది. రిపేరు చేసే అతను చూసి, "ఈ మెషీన్ కొత్త కంప్యూటర్లకి పని చెయ్యదు సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు.

నాన్న ఏమీ అనలేదు. షట్టర్ దించేశారు. నేను సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చేసరికి పాత ఇనుము అతనితో బేరం అయిపోయింది. "తీసేద్దాంరా, దాని కాలం అయిపోయింది" అన్నారు. ఆయన దాని గురించి చెప్తున్నట్టు అనిపించలేదు నాకు. తన గురించే చెప్పుకుంటున్నట్టు ఉంది.

అదే రోజు మా వీధిలో ఒకాయన వచ్చాడు. కొత్త ఆటో తీసుకున్నాడు, శుక్రవారం పొద్దున పూజ, వెనక అద్దం మీద పిల్లల పేర్లు కావాలి. నాన్న లేదు కుదరదు అనబోతుంటే నేను మధ్యలో దూరి "చేస్తాం అన్నా" అనేశాను. అప్పుడు బుధవారం. ఎలా చెయ్యాలో నాకు తెలియదు. నాన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. "పని చెయ్యదు" అన్నారు అనుకోండి, ఏది పని చెయ్యదు? అది అడగాలి. మెషీనా, వైరా, సెట్టింగా, సాఫ్ట్‌వేరా? నాలుగూ ఒకేసారి పెట్టి చూస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటి విడదీసి చూడాలి.

మొదటిది మెషీన్. వైరు ఏదీ పెట్టకుండా కరెంటు ఇచ్చి, ప్యానెల్ మీద టెస్ట్ బటన్ నొక్కాను. చిన్న చదరం కోసింది. అంటే మోటార్లు, బ్లేడు, లోపలి బోర్డు అన్నీ బాగున్నాయి. సగం భయం అక్కడే పోయింది.

రెండోది వైరు. మెషీన్‌కి యూఎస్‌బీ సాకెట్ ఉంది కానీ దాని డ్రైవర్ ఎక్స్‌పీ కాలం నాటిది. ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని తీసుకోదు. రిపేరు అతను ఇక్కడే ఆగిపోయి ఉంటాడు. కానీ పక్కనే ఇంకో సాకెట్ ఉంది చూడండి, తొమ్మిది పిన్నులది. అది సీరియల్ పోర్ట్. దానికి ఇలాంటి ప్రత్యేకమైన డ్రైవర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కి ఆ పోర్ట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కన్వర్టర్ కావాలి. నేను తెచ్చిన మొదటిది చవకది, లోపల డూప్లికేట్ చిప్. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడింది, స్టార్ట్ అవ్వలేదు. రెండోది కాస్త మంచిది తెచ్చాను, వెంటనే కామ్ 7 అని నంబర్ చూపించింది. ఆ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాత కావాలి.

అయినా మెషీన్ ఉలకదు పలకదు. ఎందుకో చూస్తే కేబుల్. సీరియల్ కేబుళ్లలో రెండు రకాలు ఉంటాయి. నేరుగా వెళ్లేది ఒకటి, రెండో పిన్ను మూడో పిన్నుకి క్రాస్ అయ్యేది ఒకటి. ఒకటి మాట పంపే పిన్ను, ఇంకోటి వినే పిన్ను. ఇద్దరూ మాట్లాడే వైరు మీదే మాట్లాడితే వినేదెవరు? మా మెషీన్‌కి క్రాస్ కేబుల్ కావాలి. పాత కేబుల్ నాన్న డబ్బాలో భద్రంగానే దాచారు. నేను అడిగితే కదా! ఇంకో మాట, సీరియల్ కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మెషీన్ ఆపేసి ఉంచండి.

మూడోది సెట్టింగులు. స్పీడు 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. చాలా పాత ప్లాటర్లకి ఇవే ఉంటాయి. కానీ ఊహించకండి, మెషీన్ ప్యానెల్‌లో ఏం ఉందో చూసి, ల్యాప్‌టాప్‌లో కూడా అదే పెట్టండి. రెండు వైపులా ఒకటే ఉండాలి, అంతే రూలు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. ఈ మెషీన్లకి ఒక భాష ఉంది. పేరు హెచ్‌పీజీఎల్. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 1970ల్లో తన పెన్ ప్లాటర్ల కోసం తయారుచేసింది. తర్వాత వేరే కంపెనీల మెషీన్లు కూడా చాలావరకు అదే అర్థం చేసుకుంటాయి. ఇదేదో రహస్య కోడ్ అనుకునేరు, మామూలు అక్షరాలే. పీయూ అంటే పెన్ అప్, బ్లేడు పైకెత్తు. పీడీ అంటే పెన్ డౌన్, బ్లేడు దించు. పక్కన ఎక్కడికి వెళ్లాలో రెండు అంకెలు. ఒక మిల్లీమీటరుకి 40 యూనిట్లు. అంటే 400 అని రాస్తే సరిగ్గా ఒక సెంటీమీటరు.

నేను నోట్‌ప్యాడ్ తెరిచాను. మొదలుపెట్టు, బ్లేడు ఎత్తి సున్నా దగ్గరికి వెళ్లు, దించు, 400 కుడికి, 400 పైకి, 400 ఎడమకి, కిందికి, మళ్లీ ఎత్తు. మొత్తం ఒకే ఒక్క లైను. దాన్ని ఫైల్‌గా సేవ్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌తో నేరుగా కామ్ 7కి పంపాను. ఏ డిజైన్ సాఫ్ట్‌వేరూ లేదు.

అప్పుడు వచ్చింది ఇందాక మీరు విన్న చప్పుడు. టీవీ చూస్తున్న నాన్న లోపల్నుంచి లేచి వచ్చారు. "ఏరా, తిరుగుతోందా?" అన్నారు. స్కేలు తెచ్చి చదరం కొలిచారు. పది మిల్లీమీటర్లు. ఏమీ మాట్లాడకుండా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

నాలుగోది డిజైన్ సాఫ్ట్‌వేర్. నేను వాడింది ఇంక్‌స్కేప్. పూర్తిగా ఉచితం. అందులో ఎక్స్‌టెన్షన్స్, తర్వాత ఎక్స్‌పోర్ట్, అందులో ప్లాట్ అని ఉంటుంది. కామ్ నంబర్, స్పీడు ఇచ్చి, భాష హెచ్‌పీజీఎల్ పెట్టాలి. రిజల్యూషన్ 1016. ఆ అంకె ఎక్కడిది అంటే, మిల్లీమీటరుకి 40, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, గుణిస్తే 1016. మీది కొలత తేడా వస్తుంటే 100 మిల్లీమీటర్ల గీత ఒకటి కోసి స్కేలుతో చూసి సరిచేసుకోండి.

చిన్న డిజైన్ బాగా వచ్చింది. పెద్దది పంపితే సగంలో పిచ్చి గీతలు గీసింది. కారణం ఏంటంటే, పాత మెషీన్‌కి మెమరీ చాలా తక్కువ. ల్యాప్‌టాప్ ఆగకుండా పోస్తూనే ఉంటుంది. చిన్న గ్లాసులో బిందె నీళ్లు పోసినట్టు పొంగిపోతుంది. "ఆగు, నిండింది" అని మెషీన్ చెప్పాలి, ల్యాప్‌టాప్ వినాలి. దాన్నే ఫ్లో కంట్రోల్ అంటారు. సాఫ్ట్‌వేర్ రకం ఒకటి, హార్డ్‌వేర్ రకం ఒకటి. మెషీన్‌లో ఏది ఉందో ప్లాట్‌లో కూడా అదే పెట్టాను. పిచ్చి గీతలు ఆగిపోయాయి.

తర్వాత మూలలు. చదరం మూలలు గుండ్రంగా వస్తున్నాయి. ఎందుకంటే బ్లేడు మొన హోల్డర్ మధ్యలో ఉండదు, కొంచెం వెనక ఉంటుంది. ట్రాలీ చక్రం లాగా వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ తేడాకి టూల్ ఆఫ్‌సెట్ 0.25 మిల్లీమీటర్లు పెట్టాను. మూలలు సూదిగా వచ్చాయి. కోత మొదలూ చివరా కలవకపోతే ఓవర్‌కట్ ఒక మిల్లీమీటరు ఇవ్వండి.

అంతా అయిపోయింది అనుకున్నాను. రామభద్ర అని లావుగా ఉండే తెలుగు యూనికోడ్ ఫాంట్ ఒకటి ఉంది, దాంతో పేర్లు టైప్ చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ చేసి కట్ కొట్టాను. అలా పాత్‌గా మార్చకపోతే అసలు అక్షరమే కట్ అవ్వదు. కట్ అయ్యాక షీటు లాగుతుంటే అక్షరాల మధ్య చిన్న చిన్న ముక్కలు ఊడొస్తున్నాయి. నాన్న ఒక్కసారి చూసి, "వెల్డ్ చెయ్యలేదేంట్రా?" అన్నారు.

మన తెలుగులో అక్షరానికి గుణింతం, కింద వత్తు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి కదా. స్క్రీన్ మీద ఒకే నల్ల ఆకారంలా కనిపిస్తుంది. మెషీన్‌కి మాత్రం రెండు వేర్వేరు ఆకారాలు. రెండు అంచులూ కోసేస్తుంది. అందుకే కలిపెయ్యాలి. కోరల్‌లో వెల్డ్ అంటారు, ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో యూనియన్. నా వీడియోలు, నా గూగుల్ ఏవీ ఇది చెప్పలేదు. ఆయన పదిహేనేళ్లుగా రోజూ చేసిన పని అది.

బ్లేడు లోతు కూడా అంతే. నేను గట్టిగా పెడితే వెనక పేపరు కూడా తెగిపోయింది. ఆయన హోల్డర్ కొంచెం తిప్పి, ఒత్తిడి తగ్గించి, చిన్న ముక్క కోసి, గోరుతో లేపి చూశారు. షీటు తెగాలి, వెనక పేపరు మీద గీత మాత్రమే పడాలి. మెరిసే షీటు మామూలు దానికంటే మందం కాబట్టి దానికి వేరేగా పెట్టుకోవాలట. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రాసి ఉండదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఆటో అద్దం మీద పేర్లు అంటించింది నాన్నే. సబ్బు నీళ్లు చల్లి, స్క్వీజీతో మధ్యలోంచి బయటికి లాగుతూ, ఒక్క గాలి బుడగ లేకుండా.

మొత్తం ఖర్చు రెండు కన్వర్టర్లకి వెయ్యి లోపే. కేబుల్ ఇంట్లోదే. ప్రతి పాత మెషీనూ ఇలా బతుకుతుందని చెప్పను. బోర్డు కాలిపోతే కథ వేరు. కొన్నిటి భాష కూడా వేరు, గ్రాఫ్‌టెక్ వాళ్లకి జీపీజీఎల్ అని సొంత భాష ఉంది. కానీ అమ్మేముందు మూడు చూడండి. ఒకటి, వైరు లేకుండా టెస్ట్ కట్ వస్తోందా? రెండు, వెనక సీరియల్ పోర్ట్ ఉందా? మూడు, మాన్యువల్‌లో హెచ్‌పీజీఎల్ అన్న మాట ఉందా? మూడింటికీ అవును అయితే ఆ మెషీన్‌కి ఇంకా పని ఉంది.

నాలుగోది కూడా చెప్పాలి. ఇన్నాళ్లూ దాన్ని నడిపిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. నేను ముందే ఆయన్ని అడిగి ఉంటే కేబుల్ కోసం ఒక పూటంతా, ఫాంట్ కోసం రెండు మీటర్ల షీటూ వేస్ట్ అయ్యేవి కాదు.

ఇప్పుడు నాన్న సాయంత్రాలు షట్టర్ ఎత్తుతున్నారు. కస్టమర్లు వాట్సాప్‌లో ఫోటో పంపిస్తే దాన్ని కట్ అయ్యే గీతలుగా మార్చడానికి ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ నేర్చుకుంటున్నారు. రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఒరేయ్, ఆ యూనియన్ ఏ మెనూలో ఉందిరా?" అంటారు. పాత్‌లో నాన్నా, పాత్‌లో.

మీ దగ్గర ఇలాంటి మెషీన్ ఆగిపోయి ఉంటే, ఏ మోడలో, ఎక్కడ ఆగిందో కామెంట్‌లో రాయండి. మోడల్ పేరు ఒక్కటే రాయకండి, టెస్ట్ కట్ వచ్చిందా లేదా అది కూడా రాయండి. నాకు తెలిసినంతలో చెప్తాను, నాకు తెలియనిది నాన్నని అడిగి చెప్తాను. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.