తక్కువ మార్కుల పిల్లలు - పెద్ద కళాశాలలు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మేము చేసే పని మీకు తెలిసిందే. మంచి మార్కులు వచ్చిన పిల్లల పేర్లు చదువుతాం, శాలువా కప్పుతాం, ఒక గోడ గడియారం చేతికిస్తాం, తక్కిన పిల్లలు కూడా ఇలాగే చదవాలని రెండు మాటలు చెప్పి దిగిపోతాం. ఆ తక్కిన పిల్లల సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. ఈసారి వాళ్ళ గురించే మాట్లాడదలచుకున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం జూన్ నెలలో మన సభ్యుల ఇంటి కుర్రవాడొకడు మార్కుల మెమో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఇంటర్‌లో సి.ఇ.సి. గ్రూపు, 56 శాతం. లా చదువుతానన్నాడు. ఎక్కడ చదువుతావు బాబూ అంటే హైదరాబాదు నల్సార్‌లో అన్నాడు. నిజం చెప్పాలంటే మేము నవ్వాము. 56 మార్కులకు నల్సారా అన్నాము. వాడి ముఖం చిన్నబోయింది. వాడు వెళ్ళిన తర్వాత మాలో ఒకరికి అనుమానం వచ్చి, అసలు నిబంధన ఏమిటో వెతికి చూశారు. నల్సార్, మన విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ వంటి వాటిలో ప్రవేశం క్లాట్ అనే పరీక్ష ద్వారా. ఆ పరీక్ష రాయడానికి ఇంటర్‌లో 45 శాతం ఉంటే చాలు, ఎస్సీ ఎస్టీలకు 40. ఆ గీత దాటాక 56 వచ్చినా, 96 వచ్చినా ఒకటే. ర్యాంకు పరీక్షను బట్టే వస్తుంది.

మర్నాడు వాడికి కబురు పెట్టి ఈ సంగతి చెప్పాము. వాడి కళ్ళు వెలిగాయి. పరీక్ష ఎప్పుడు అని అడిగాడు. డిసెంబరులో అయిపోయింది అని చెప్పాల్సి వచ్చింది. "డిసెంబరులోనా? అప్పుడు నాకెవరూ చెప్పలేదే, చాచా" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి ఇప్పుడు వాళ్ళ మామూ దగ్గర బస్టాండు పక్క సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాడు. అది మంచి పనే, కించపరచడం లేదు. పరీక్ష రాసివుంటే సీటు వచ్చేదని కూడా అనము. అది తేలిక పరీక్ష కాదు. కాని వాడు ఆ ఏడాది రాయలేకపోయింది మార్కులు తగ్గినందువల్ల కాదు, తేదీ దాటినందువల్ల.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. మన ఇళ్ళల్లో చదువు గురించిన ఆలోచన ఎప్పుడు మొదలవుతుంది? ఫలితాలు వచ్చిన రోజున. ఇంటర్ ఫలితాలు ఈ మధ్య ఏళ్ళలో ఏప్రిల్‌లో వస్తున్నాయి. అప్పటికి క్లాట్ అయిపోయి నాలుగు నెలలు. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలోనే జరిగిపోతుంది. డిజైన్ కోర్సులు నేర్పే ఎన్.ఐ.డి. దరఖాస్తులు కూడా ఇంటర్ పరీక్షలకు ముందే ముగుస్తాయి. అంటే, మార్కులు పెద్దగా చూడని తలుపులు మార్కులు రాకముందే మూసుకుంటున్నాయన్న మాట. మార్కులున్న పిల్లవాడికి ఏప్రిల్ తర్వాత కూడా దారులుంటాయి. మార్కులు తక్కువైన పిల్లవాడే ముందుగా మేలుకోవాలి. మనం చేస్తున్నది దానికి సరిగ్గా తలకిందులు.

పెద్ద కళాశాలలన్నీ మార్కులను ఒకే తీరున చూస్తాయనుకోవడం పొరపాటు. కొన్ని చోట్ల మార్కులు గడప వంటివి, దాటితే చాలు. క్లాట్ సంగతి చెప్పాము. వైద్య విద్యకు కూడా అంతే. ఇంటర్‌లో సైన్సు సబ్జెక్టుల్లో జనరల్ వారికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 ఉండాలి, ఆపైన లెక్క అంతా నీట్‌దే. ఢిల్లీ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 2021లో అక్కడి కొన్ని కళాశాలలు కొన్ని కోర్సులకు నూటికి నూరు శాతం కటాఫ్ పెట్టాయి. 99 వచ్చిన పిల్లలు కూడా ఏడ్చారు. 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. ఇప్పుడు సీటు దాని మీద ఆధారపడుతుంది. ఆ పరీక్షను 13 భాషల్లో రాయవచ్చు. అందులో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? అయితే కోర్సును బట్టి, విశ్వవిద్యాలయాన్ని బట్టి కనీస మార్కుల నిబంధన మారుతుంది. నోటిఫికేషను పూర్తిగా చదవాలి, పక్కింటివాళ్ళ మాట వినడం కాదు.

కొన్ని చోట్ల గడప ఎత్తుగా ఉంటుంది. ఐఐటీ, ఎన్ఐటీలకు పరీక్షలో ర్యాంకు వచ్చినా సరే, ఇంటర్‌లో 75 శాతం గాని, తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం గాని ఉండాలి. ఎస్సీ ఎస్టీలకు 65 శాతం. 70 దగ్గర ఆగిపోయిన పిల్లలు దీన్ని చూసి ఆశ వదులుకుంటారు. వదులుకోనక్కర లేదు. సప్లిమెంటరీ పరీక్షలు తప్పినవారికే అని మనవాళ్ళ అభిప్రాయం. పాసైనవారు కూడా మార్కులు పెంచుకోవడానికి రాయవచ్చు. ఫీజు కట్టే గడువు మాత్రం ఫలితాల తర్వాత కొద్దిరోజులే ఉంటుంది. ఆ కొద్దిరోజులూ మన ఇళ్ళల్లో తిట్లతోనే గడిచిపోతాయి.

ఇక మార్కులను కలిపి లెక్కించే చోటు ఒకటుంది. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఈఏపీసెట్. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీని 2023లో ఎత్తివేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగుకు ఇంటర్ గ్రూపు మార్కులకు 25 పాళ్ళు, పరీక్షకు 75 పాళ్ళు. ఇంటర్ పోతే ఎంసెట్ పోయినట్టే అని చాలామంది అంటూంటారు. లెక్క వేసి చూద్దాం. ఒకరికి గ్రూపులో 95 శాతం, ఇంకొకరికి 70. పాతిక పాళ్ళలో మొదటివారికి 23.75, రెండవవారికి 17.5. తేడా ఆరుంబావు. దాన్ని పరీక్షలో పూడ్చుకోవాలంటే 160 ప్రశ్నల్లో 13, 14 ప్రశ్నలు ఎక్కువ చేయాలి. తప్పు సమాధానానికి కోత లేదు. 14 ప్రశ్నలు తక్కువేమీ కాదు. ర్యాంకులు అక్కడే వేలల్లో మారిపోతాయి. కాని అది గోడ కాదు, గుంట. ఎంత లోతో తెలిస్తే పూడ్చవచ్చు.

పదో తరగతిలోనే మార్కులు తగ్గినవారికి పాలిసెట్ ఉంది. మూడేళ్ళ డిప్లొమా, ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఇది మీలో చాలామందికి తెలిసిన దారే గనుక ఎక్కువ చెప్పము. మార్కులతో పని లేదు, ఇంత ఇస్తే సీటు ఇప్పిస్తామని తిరిగే ఏజెంట్లకు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. అలా పోయిన డబ్బు గురించి మా దగ్గర మొర పెట్టుకున్నవారు ఉన్నారు.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి. ఇంటర్ మొదటి సంవత్సరంలో 49 శాతం, రెండో సంవత్సరంలో 71. ఇంట్లో ఇక చాలన్నారు, సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. పిల్ల పట్టుబట్టి, రాతపరీక్షతో పాటు ముఖాముఖి కూడా జరిపే ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వంటివి ఇలా చేస్తాయి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గింపులు కూడా ఇస్తాయి. రాతపరీక్ష గట్టెక్కింది. ముఖాముఖికి ముందు మేము ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళి, పరీక్షాధికారుల మాదిరిగా కూర్చుని ప్రశ్నలు వేశాము. మొదటి సంవత్సరం మార్కులు ఎందుకు తగ్గాయమ్మా అని అడిగితే తల వంచుకుని "సరిగా చదవలేదండీ" అంది. లోపలి గదిలోంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. "చదవలేదంటావేమే? మీ అబ్బా కాలు విరిగి మంచాన పడితే రోజూ రాత్రి పదకొండు దాకా కాజాలు కుట్టింది ఎవరే?"

అదే చెప్పమన్నాము. కాని ఏడుస్తూ కాదు. రోజుకు ఎన్ని చొక్కాలు, చొక్కాకు ఎన్ని కాజాలు, ఎంత కూలి, ఎన్ని నెలలు, ఆ పని ఎప్పుడు ఆగింది, ఆగాక మార్కులు ఎంత పెరిగాయి, ఇంతే. జాలి కోసం చెప్పడం వేరు, లెక్క చెప్పడం వేరు. అక్కడ వాళ్ళు మార్కుల ప్రశ్న ఒక్క నిమిషంలో వదిలేసి, కాజా కూలి ఎవరు నిర్ణయిస్తారు, షాపువాడికి ఎంత మిగులుతుంది అని చాలాసేపు అడిగారట. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ రెండో సంవత్సరం చదువుతోంది. కారణం ఏదీ లేకుండా, ఊరికే ఆటల్లో పడి మార్కులు పోగొట్టుకున్న పిల్లలు మాత్రం కథలు అల్లకూడదు. పోగొట్టుకున్నాను, ఆ తర్వాత ఇది చేశాను అని చెప్పడమే మేలు. చెప్పడానికి ఆ "తర్వాత" ఏదో ఒకటి ఉండాలి మరి.

సర్టిఫికెట్ల విషయం ఒక్క మాట. 2007 నుంచి ఉన్న బి.సి.-ఇ నాలుగు శాతం రాష్ట్ర కళాశాలల్లో పనికి వస్తుంది. కేంద్ర సంస్థల ఓ.బి.సి. జాబితా వేరు. మీ శాఖ అందులో ఉందో లేదో ముందే చూసుకోండి. ఏ జాబితాలోనూ లేనివారు, ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం గలవారు, ఇ.డబ్ల్యు.ఎస్. ధృవపత్రానికి ప్రయత్నించవచ్చు. కౌన్సెలింగు రేపనగా తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తవద్దు.

ఇక మన సంఘం నిబంధన. 60 శాతం దాటినవారికే స్కాలర్‌షిప్, అదీ ఫలితాల తర్వాత. క్లాట్ దరఖాస్తుకే నాలుగు వేల దాకా అవుతుంది. 56 శాతం వచ్చే పిల్లవాడు అక్టోబరులో ఆ నాలుగు వేలు ఎక్కడి నుంచి తేవాలి? అందుకని నిధిలో సగం ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల దరఖాస్తు ఫీజులకు, మార్కులతో నిమిత్తం లేకుండా, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాము. కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన, కష్టపడి చదివినవాడికి ఇది అన్యాయం కాదా అన్నారు. ఆయన మాటను తేలిగ్గా తీసివేయము. చదివినవారి ఫీజు సాయంలో ఒక్క రూపాయి తగ్గించాలన్నా మేమే ఒప్పుకోము. గోడ గడియారాలు, శాలువాలు, ఈ వేదిక పూలు, వీటి ఖర్చు నుంచి మొదలుపెడదాం. సభ్యులు ఓటు వేసి తేల్చాలి.

ఇంకొకటి. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఇంగ్లీషు పేరాలు చదివి జవాబు రాయాలి. మన ఆఫీసుకు ఇంగ్లీషు పత్రిక రావడం మానేసి చాలాకాలమైంది. వచ్చే ఒకటో తేదీ నుంచి మళ్ళీ వేయిస్తున్నాము. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గది తెరిచి ఉంటుంది, ఆడపిల్లలకు ఆదివారం ఉదయం.

భోజనాల దగ్గర, చందా రసీదు పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టాము. ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటివారూ పేరు, గ్రూపు, ఫోను నంబరు రాసి వెళ్ళండి. మార్కుల గడి అందులో గీయలేదు.